పనిముట్టు అరువుది, పని సొంతది

జర్మన్ భాషలో ‘ఫ్లేగెల్’ అని ఒక మాట ఉంది. నిఘంటువు తెరిస్తే దానికి రెండు అర్థాలు కనిపిస్తాయి. ఒకటి, పంట నూర్చే కర్ర. రెండు, మోటువాడు, మర్యాద తెలియనివాడు. డచ్చి భాషలోని ‘వ్లేగెల్’కూ ఇవే రెండర్థాలు. ఇంగ్లీషు ‘ఫ్లెయిల్’కు మాత్రం తిట్టు అంటలేదు, పనిముట్టు పేరుగానే మిగిలింది. మూడూ ఒకే మాట. జర్మన్, డచ్చి, ఇంగ్లీషు మూడూ జర్మానిక్ కుటుంబానికి చెందిన భాషలే. అయితే ఈ మాట ఆ ఇంటి బిడ్డ కాదు. లాటిన్ ఇంటినుంచి వచ్చి, ఆ ఇంట్లో స్థిరపడి, చివరికి ఆ ఇంటివాళ్ళే తమదనుకునేలా కలిసిపోయిన మాట.

సొంత రాష్ట్రాలకు వెలుపల, పరాయి మాటల మధ్య తరతరాలుగా బతుకుతున్న మనకు ఈ మాట చరిత్ర ఎందుకంటారా? తెలుగు సభలకు వెళ్ళినప్పుడల్లా మన మాట విని, “మీది కలగాపులగం తెలుగండీ” అని నవ్వేవాళ్ళు ఎవరో ఒకరు తగులుతూనే ఉంటారు. తమిళం కలిసిందంటారు, కన్నడం కలిసిందంటారు, ఒరియా, మరాఠీ కలిశాయంటారు. నేనూ ఆ నవ్వు విన్నవాణ్ణే. అరువు మాట అంటే ఏమిటి, అది ఎందుకు వస్తుంది, వచ్చి ఏం చెబుతుంది అని ఆలోచించడానికి నాకు మన మాటలకన్నా ముందు ఈ దూరపు మాట ఎక్కువగా ఉపయోగపడింది. దూరపు కథలో మన అభిమానాలు అడ్డురావు కదా!

ముందు ఆ పనిముట్టు సంగతి. మన కళ్ళాల్లో బంతి కట్టి పశువులచేత తొక్కించడం, రాగి కంకుల మీద రాతిగుండు దొర్లించడం, కందికట్టెను కర్రతో కొట్టడం చాలామందికి తెలుసు. ఐరోపావారి ఫ్లెయిల్ ఇవేవీ కాదు. అందులో రెండు కర్రలుంటాయి. చేతితో పట్టుకునేది పొడుగు కర్ర. దాని కొసకు తోలుపట్టెతో వదులుగా కట్టిన పొట్టి కర్ర ఇంకొకటి. పొడుగు కర్రను భుజం మీదుగా తిప్పి విసిరితే, పొట్టి కర్ర గాలిలో గిర్రున తిరిగి, పరిచిన పనల మీద అడ్డంగా, బల్లపరుపుగా పడుతుంది. ఒట్టి కర్రతో కొడితే మొన దగ్గరే దెబ్బ తగులుతుంది, మనిషి ప్రతిసారీ వంగాలి. ఇందులో పొట్టి కర్ర నిడివంతా దెబ్బే, మనిషి నిలబడే పని చేయవచ్చు. ఆ తోలుపట్టెలోనే ఉంది కిటుకంతా. మన భాషలో దీనికి నిలిచిన పేరు లేదు కనుక ఇక్కడ నూర్పుకర్ర అంటాను.

ఇక పేరు. లాటిన్‌లో ‘ఫ్లగ్రుం’ అంటే కొరడా. దానికి చిన్నతనాన్ని చెప్పే ప్రత్యయం చేరి ‘ఫ్లగెల్లుం’ అయింది. చిన్న కొరడా అన్నమాట. పేరుకు చిన్నదేకాని, బానిసల వీపులు చీల్చిన కొరడా అదే. హొరేస్ కవి తన వ్యంగ్య కవితల్లో తేలికపాటి తోలు కొరడాను, ఈ భయంకరమైన ఫ్లగెల్లుంను వేరుచేసి చెప్పాడు. కొరడాలా సన్నగా ఊగుతుంది కనుక ద్రాక్షతీగ లేత కొమ్మనూ ఇదే పేరుతో పిలిచారు. వర్జిల్ వ్యవసాయ కావ్యంలో ఆ అర్థం ఉంది. మన పిల్లలు జీవశాస్త్రంలో చదివే ‘కశాభం’ కూడా ఈ మాట నీడే. సూక్ష్మజీవుల తోకకు శాస్త్రజ్ఞులు ఫ్లగెల్లుం అని పేరు పెట్టారు, మన పాఠ్యపుస్తకాలవారు ‘కశ’ అంటే కొరడా కనుక దాన్ని కశాభం చేశారు.

మరి కొరడా నూర్పుకర్ర ఎప్పుడయింది? క్రీస్తుశకం 1వ శతాబ్దంలో రోమన్ రైతులు పంట ఎలా నూర్చేవారో ప్లినీ రాసిపెట్టాడు. కొన్నిచోట్ల అడుగున చెకుముకి రాళ్ళు దిగగొట్టిన బల్లను ఎడ్లచేత పనల మీద లాగించేవారు. దాని పేరు ‘త్రిబులుం’. ఇంగ్లీషులో కష్టాలను ‘ట్రిబ్యులేషన్’ అనడం ఆ బల్ల పేరునుంచి వచ్చినదే. కొన్నిచోట్ల గుర్రాలచేత తొక్కించేవారు. కొన్నిచోట్ల పొడుగాటి గడలతో కొట్టేవారు. ఈ మూడోదాన్ని చెప్పేటప్పుడు ప్లినీ వాడిన క్రియాపదం కొరడాతో కొట్టడానికి వాడేదే. ఆయన కాలంవాడే అయిన కొలుమెల్లా కూడా కంకులను కర్రలతో కొట్టడం గురించి చెప్పాడు. అప్పటికి చేతిలో ఉన్నది ఒట్టి గడ, ఒట్టి కర్ర. కొట్టడంలో మాత్రం కొరడా పోలిక కుదిరింది.

ఆ తరువాత 300 ఏళ్ళకు పైగా గడిచాక, బైబిల్‌ను లాటిన్‌లోకి తెచ్చిన జెరోం, క్రీ.శ. 410 ప్రాంతంలో యెషయా గ్రంథానికి వ్యాఖ్య రాశాడు. జీలకర్రవంటి చిన్న గింజలను బండి చక్రంతో తొక్కించరు, కర్రతో దులుపుతారు అని చెప్పే ఘట్టం అందులో 28వ అధ్యాయంలో ఉంది. అక్కడ జెరోం, ఈ కర్రలనే జనసామాన్యం ఫ్లగెల్లా అంటారని వివరించాడు. జనసామాన్యం అన్న మాట గమనించండి. పండితుల లాటిన్‌లో కొరడాగా ఉన్న మాట పొలాల లాటిన్‌లో అప్పటికే నూర్పుకర్ర అయింది. కీలున్న రెండు కర్రల పనిముట్టు ఆ రోజుల్లోనే, రోమన్ పాలనలోని గాల్ దేశంలో, అంటే నేటి ఫ్రాన్సు ప్రాంతంలో రూపుదిద్దుకున్నదని వ్యవసాయ చరిత్రకారుల్లో చాలామంది భావిస్తారు. ఊగే కొస, పట్టుకునే పిడి. కొరడా పోలిక ఇప్పుడు పూర్తిగా అతికింది.

ఈ పనిముట్టు ఉత్తరాదికి అంతగా నప్పడానికి కారణం వాన. మధ్యధరా తీరంలో కోతల తరువాత రోజుల తరబడి ఎండ. ఆరుబయట కళ్ళం చేసి పశువులను తోలుకోవచ్చు. రైన్ నది దాటాక ఆ నమ్మకం లేదు. కోసిన పనలను కొట్టంలోకి చేర్చి, తీరిగ్గా చలికాలమంతా కొట్టం మధ్యనున్న గట్టి నేలమీద నూర్చుకోవాలి. ఆ ఇరుకులో పశువులు తిరగలేవు. కాని నలుగురు మనుషులు ఎదురెదురుగా నిలబడి, ఒకరి దెబ్బ తరువాత ఒకరు, తాళం తప్పకుండా నూర్పుకర్రలు ఆడించవచ్చు. అందుకే రోమన్ సామ్రాజ్యం పోయినా ఆ కర్ర పోలేదు. దాదాపు పదిహేను శతాబ్దాలు ఉత్తర ఐరోపా తిన్న రొట్టెకు గింజ రాల్చింది ప్రధానంగా అదే.

ఇదంతా సరే, లాటిన్‌లోనూ జర్మన్‌లోనూ పోలిన మాటలుంటే అరువే అనుకోవాలా? రెండూ ఒకే తల్లి బిడ్డలు కదా, ఇద్దరికీ తల్లినుంచే వచ్చి ఉండవచ్చు కదా అని పాఠకులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. జవాబు ధ్వనుల్లో ఉంది. డెన్మార్కు పండితుడు రాస్ముస్ రాస్క్ 1818లోను, జర్మన్ పండితుడు యాకోబ్ గ్రిమ్ 1822లోను ఈ కుటుంబపు భాషల మధ్య ధ్వనులు ఒక క్రమంలో మారాయని చూపించారు. సంస్కృతంలో ‘భ్రాతృ’, లాటిన్‌లో ‘ఫ్రాతెర్’, ఇంగ్లీషులో ‘బ్రదర్’, జర్మన్‌లో ‘బ్రూడర్’. అంటే వారసత్వంగా వచ్చిన మాటల్లో, మొదట లాటిన్ ‘ఫ’కారం ఉన్నచోట జర్మానిక్ భాషల్లో ‘బ’కారం ఉండాలి. మనకు బాగా తెలిసిన ఉదాహరణ ఇంకొకటి ఉంది. రంధ్రం చేయడాన్ని లాటిన్‌లో ‘ఫొరారె’ అంటారు. దానికి జర్మన్ తోబుట్టువు ‘బోరెన్’, ఇంగ్లీషు తోబుట్టువు ‘బోర్’. మన పొలాల్లో వేయించే ‘బోరు’ ఇదే!

ఈ లెక్కన ఫ్లగెల్లుంకు తోబుట్టువు ఉంటే అది ‘బ’తో మొదలుకావాలి. కాని ప్రాచీన జర్మన్‌లో ఉన్నది ‘ఫ్లెగిల్’. ‘ఫ’ చెక్కుచెదరలేదు. కనుక ఇది తల్లి ఇచ్చిన మాట కాదు, ఆ ధ్వని మార్పు ముగిసిపోయిన చాలాకాలానికి పొరుగింటినుంచి వచ్చిన మాట. మరో గుర్తు కూడా ఉంది. లాటిన్ మాటలోని మొదటి ‘అ’కారం ఇక్కడ ‘ఎ’ అయింది. వెనక వచ్చే ‘ఇ’ ప్రభావంతో ముందున్న అచ్చు మారడం జర్మన్‌లో ఒకనాడు సాగిన మార్పు. ‘పులి’ బహువచనంలో ‘పులులు’ అయినప్పుడు వెనకనున్న ‘ఉ’ ముందున్న ‘ఇ’ని తనవైపు లాక్కుంటుందే, అలాంటిదే అది కూడా. ఆ మార్పు జరిగేనాటికే మాట అక్కడ ఉంది. ఎప్పటికి ముందు వచ్చింది, ఎప్పటికి తరువాత వచ్చింది అని రెండు హద్దులూ మాటే చెబుతోంది.

అరువేదో వారసత్వమేదో తేల్చే ఈ పద్ధతి మనకూ కొత్త కాదు. రాస్క్, గ్రిమ్‌ల పుస్తకాలకన్నా ముందే, 1816లో, మద్రాసులో ఎఫ్. డబ్ల్యు. ఎల్లిస్ అనే అధికారి క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి ముందుమాట రాస్తూ, తెలుగులో సంస్కృత పదాలు ఎన్ని ఉన్నా అవి తెచ్చుకున్నవేననీ, ధాతువుల స్థాయిలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే కుటుంబమనీ పట్టికలు వేసి చూపాడు. అరువు ఎంతున్నా పునాది ఎవరిదన్న ప్రశ్న వేరని అప్పుడే తేలింది.

మరి ఈ మాటను మోసినవాళ్ళెవరు? కవులూ కాదు, రాయబారులూ కాదు. రైన్ నది వెంబడి రోమన్ సైన్యం శతాబ్దాలపాటు ఉంది. క్రీ.శ. 50లో ‘కొలోనియా’ హోదా పొందిన ఊరు నేటికీ ఆ పేరుతోనే కొలోన్‌గా ఉంది. నదికి అటువైపునుంచి జర్మానిక్ జనం సైనికులుగా వచ్చారు, బానిసలుగా వచ్చారు. 3, 4 శతాబ్దాల్లో ‘లేతి’ అనే పేరుతో గుంపులుగా గాల్ పొలాల్లో స్థిరపడ్డారు. రోమన్ ప్రభుత్వం వారికి భూమి ఇచ్చింది, బదులుగా సైనికసేవ తీసుకుంది. పరాయి నేలమీద, పరాయి భాష మధ్య, సేద్యం చేసుకుంటూ బతికిన జనం వాళ్ళు. మనకు ఈ స్థితి వివరించి చెప్పనక్కరలేదు. అలాంటివాళ్ళ నోళ్ళలోనే ఈ మాటలు దాటాయి. గోడ, వీధి, పెంకు, నేలమాళిగ, ద్రాక్షసారా, జున్ను, మొక్క, ఇవన్నిటికీ జర్మన్‌లో ఉన్న పేర్లు లాటిన్‌వే. కొడవలికి జర్మన్ ‘జిహెల్’, ఇంగ్లీషు ‘సికిల్’ కూడా లాటిన్ ‘సెకుల’ నుంచి వచ్చినవేనని సాధారణ అభిప్రాయం. ఇటలీలో కంపానియా ప్రాంతంవాళ్ళు కొడవలిని అలా పిలుస్తారని వర్రో చెప్పాడు. అంటే అదీ పండితుల మాట కాదు, ఒక ప్రాంతపు రైతుల మాట.

ఇక్కడ నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన సంగతి ఒకటుంది. పనిముట్టు పేరు మారింది కాని పని పేరు మారలేదు. జర్మన్ రైతు ఫ్లేగెల్‌తో చేసే పని ‘డ్రెషెన్’. ఇంగ్లీషు రైతు ఫ్లెయిల్‌తో చేసే పని ‘థ్రెష్’. ఇది అచ్చమైన జర్మానిక్ క్రియ. దీని మొదటి అర్థం కొట్టడం కాదు, కాళ్ళతో చప్పుడయ్యేలా తొక్కడం. ఆ సంగతి ఎలా తెలిసిందంటే, లాటిన్ సంతతి భాషలు ఈ క్రియను ఎదురు అరువు తీసుకున్నాయి. ప్రాచీన ఫ్రెంచిలో, ఇటాలియన్‌లో అది నూర్పిడి కాలేదు, నాట్యమయింది! కళ్ళంలో జర్మానిక్ జనం తొక్కే తొక్కుడు చూసిన పొరుగువారికి అది చిందులా కనిపించి ఉండాలి. ఒకరు పనిముట్టు ఇచ్చారు, ఇంకొకరు ఆట ఇచ్చారు. కర్ర వచ్చి తొక్కుడును తప్పించింది. అయినా తొక్కుడు పేరు కర్ర పనికి అలాగే నిలిచింది. పనిముట్టు అరువుది, పని సొంతది. ఒక్క క్రియ, ఒక్క నామం పక్కపక్కన నిలబడి, ఏ శాసనమూ చెప్పని చరిత్ర చెబుతున్నాయి.

ఈ మాట తరువాతి జీవితం అంత సుఖంగా సాగలేదు. ఫ్రెంచిలో అదే ఫ్లగెల్లుం ‘ఫ్లెయో’ అయి నూర్పుకర్రకూ, దేశాన్ని పీడించే ఉపద్రవానికీ పేరయింది. హూణరాజు అట్టిలాకు తరువాతివారు పెట్టిన ‘దేవుడి కొరడా’ అన్న బిరుదులో ఉన్నదీ ఈ మాటే. 16వ శతాబ్దం నాటికి జర్మన్‌లో పనిముట్టు పేరు దాన్ని పట్టుకున్న మనిషికి తిట్టయింది. బానిస వీపుమీది కొరడా రైతు చేతి కర్ర అయింది, రైతు చేతి కర్ర రైతుకే తిట్టయింది. పల్లె మాటను, పల్లె మనిషిని పట్నం ఎలా చూస్తుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద గ్రంథం అక్కరలేదు.

ఆ కర్ర ఊరికే పడి ఉండలేదు కూడా. బొహీమియాలో 1419 నుంచి 1434 దాకా సాగిన హుస్సైట్ యుద్ధాల్లో రైతులు నూర్పుకర్రకు ఇనుప మేకులు దిగగొట్టి, కవచాలు తొడిగిన అశ్వికులను ఎదుర్కొన్నారు. ఇంగ్లండులో స్టీఫెన్ డక్ అనే నూర్పిడి కూలీ తన శ్రమమీద తానే కావ్యం రాసి 1730లో రాణి ఆదరణ పొందాడు. 1780 దశకంలో స్కాట్లండులో ఆండ్రూ మైకిల్ నూర్పిడి యంత్రం తయారుచేశాక అసలు కష్టం మొదలయింది. చలికాలమంతా కూలీల కడుపు నింపింది ఆ నూర్పుకర్ర పనే. యంత్రం వచ్చి ఆ నాలుగు నెలల తిండి లాగేసుకుంది. 1830లో దక్షిణ ఇంగ్లండు కూలీలు ఊరూరా యంత్రాలు పగలగొట్టారు. ప్రభుత్వం 19 మందిని ఉరితీసింది, 480 మందికి పైగా ఓడలెక్కించి ఆస్ట్రేలియాకు పంపింది. కుటుంబాలను వదిలి, తిరిగివచ్చే ఆశ లేకుండా వెళ్ళినవాళ్ళు వాళ్ళు. నూర్పుకర్ర నేడు వస్తుప్రదర్శనశాలల్లో ఉంది. మాట మాత్రం నిఘంటువులో తిట్టుతో సహా బతికే ఉంది.

జర్మనీలో 1885లో భాషాశుద్ధి కోసం ఒక పెద్ద సంఘం పుట్టింది. ఫ్రెంచి మాటలను ఏరిపారేయాలని పూనుకుంది. రైలు టికెట్టుకు, ప్లాట్‌ఫారానికి సొంత మాటలు కట్టుకున్నారు, అవి నిలిచాయి కూడా. తప్పనను. మనకూ అచ్చతెలుగు కావ్యాలున్నాయి, పొన్నెగంటి తెలగన శ్రమ వృథా అని ఎవరనగలరు? కాని గోడ, వీధి, నూర్పుకర్ర, వీటి జోలికి పోవాలని అక్కడ ఎవరికీ తోచలేదు. అవి పరాయివని జనానికి గుర్తే లేదు. చేతులు మోసి అరగదీసిన మాటకు అంచులుండవు. కొత్తగా వచ్చిన మాటను మాత్రమే మనం అరువంటాం, పాతబడితే అదే మన ఆస్తి.

ఇప్పుడు మన పొలాల వైపు చూడండి. మన ‘కళ్ళం’ తమిళంలో ‘కళం’, కన్నడంలో ‘కణ’, మరాఠీలో ‘ఖళె’, ఒరియాలో ‘ఖళా’. ఋగ్వేదంలోనే ‘ఖల’ అన్న మాట ఉంది, అది ద్రావిడ భాషలనుంచి వెళ్ళిందని బర్రో వంటి పండితుల అభిప్రాయం. మన ‘నాగలి’ కన్నడంలో ‘నేగిలు’, తమిళంలో ‘నాంజిల్’, మరాఠీలో ‘నాంగర్’, ఒరియాలో ‘లంగళ’, సంస్కృతంలో ‘లాంగల’. ఇది ఆర్యభాషల సొంత మాట కాదని చాలామంది ఒప్పుకుంటారు. ద్రావిడులదా, ముండా జనాలదా అన్న చర్చ సాగుతూనే ఉంది. ఎవరిదైనా కానివ్వండి, ఈ పత్రిక చదివే మనం ఏ రాష్ట్రంలో ఉన్నా పొరుగు రైతు నాగలి పేరు చెబితే అర్థమవుతుంది. కలగాపులగమని నవ్వేవాళ్ళు నాగలిని ఏ పక్షాన కడతారో చెప్పాలి.

మన ఇళ్ళలో వినిపించే వాక్యం ఒకటి తీసుకోండి. “ట్రాక్టరుతో దున్నించాం.” ట్రాక్టరు ఇంగ్లీషు ద్వారా వచ్చింది, దాని మూలం లాగడమనే అర్థమున్న లాటిన్ క్రియ. రోమన్ రైతు కళ్ళంలో లాగించిన ఇంకో నూర్పుబల్ల ‘త్రాహ’ పేరూ ఆ క్రియనుంచి పుట్టినదే. ఫ్లేగెల్‌ను కన్న లాటిన్ పదహారు వందల ఏళ్ళ తరువాత మన పొలానికీ వచ్చి చేరిందన్నమాట. అయినా దున్నడం మనదే. పనిముట్టు అరువుది, పని సొంతది. జర్మన్ కొట్టంలో జరిగింది మన చేలోనూ జరిగింది.

కనుక మన మాటల్లో పొరుగు మాటలున్నాయంటే సిగ్గుపడవలసింది లేదు. ఎవరి పక్కన నిలబడి ఎవరు పనిచేశారో, ఎవరి దగ్గర ఎవరు ఏ పని నేర్చారో అవి చెబుతాయి. మనం భయపడవలసింది అరువుకు కాదు, మరుపుకు. ట్రాక్టరు వచ్చాక నాగలి భాగాల పేర్లు పోతున్నాయి. కళ్ళమే లేని ఊళ్ళలో కళ్ళం మాటలు ఎవరు పలుకుతారు? పాఠకులకు నా మనవి ఇది. మీ ఇంట్లో, మీ ఊళ్ళో సేద్యం చేసిన పెద్దలు ఇంకా ఉంటే, నాగలి, గుంటక, బండి, కళ్ళం, వీటి ఒక్కొక్క భాగాన్ని వారు ఏమంటారో అడిగి రాసుకోండి. ఆ మాట తెలుగా, తమిళమా, కన్నడమా, ఒరియానా, మరాఠీనా అని అప్పుడే తూకం వేయకండి. వారు పలికినట్టే, అక్షరం మార్చకుండా రాయండి. పక్కన ఊరి పేరు, పెద్దల వయసు కూడా రాయండి. జెరోం ఒక్క చిన్న వాక్యంలో జనం మాటను రాసిపెట్టకపోతే ఈ కథలో నడిమి మెట్టు మనకు దొరికేది కాదు.